ముప్పై మూడు నిమిషాలు

మా చెల్లి ఒక వాక్యం పూర్తి చేసేలోపు నేను తరగతి మొత్తానికి హాజరు వేసేయగలను. ఈ మాట నేను చాలాసార్లు, దాని ముందే, నవ్వుతూ అన్నాను. అదీ నవ్వేది. పుట్టుకతోనే దాని నాలుక, మెడ, చేతులు చెప్పినట్టు వినేవి కావు. తెలివికి ఏ లోటూ లేదు. వాక్యం లోపల తయారుగానే ఉండేది. బయటికి రావడానికే ఒక్కో అక్షరానికీ ఒక్కో మెట్టు ఎక్కాల్సివచ్చేది. ఆ మెట్ల మీద ఎదురెళ్ళి చేయందించడం నా పని అనుకున్నాను. దాని నోట సగం మాట రాగానే మిగతా సగం నేను అందించేదాన్ని. దుకాణంలో, ఆసుపత్రిలో, ఫోన్లో, చుట్టాల ముందు. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. అప్పటినుంచి ఆ పనిలో నాకు పోటీ కూడా లేకుండా పోయింది.

మా చెల్లి "మా వంతు"లో చేరిన సంగతి నాకు చేరిన తర్వాతే తెలిసింది. వికలాంగులైన కళాకారులు పదకొండు మంది కలిసి పెట్టుకున్న బృందం అది. నడిపేదీ వాళ్ళే. మూతపడిన ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ప్రతి శనివారం మధ్యాహ్నం కలిసేవారు. రెండు గదులు. పాత టైపు బల్లల కాళ్ళను ఒక్కోటి ఒక్కో ఎత్తుకి కోయించి పెట్టుకున్నారు. చూపులేనివాళ్ళు పట్టుకుని నడవడానికి గోడ పొడవునా నడుమెత్తులో లావుపాటి తాడు బిగించారు. వీధి గుమ్మానికి ఒక పాత తలుపునే వాలుగా పరిచి చక్రాల కుర్చీకి దారి చేశారు.

మొదటి శనివారం నేనే దాన్ని తీసుకెళ్ళాను. తలుపు దగ్గర చక్రాల కుర్చీలో ఒకావిడ ఎదురొచ్చింది. వేళ్ళ సందుల్లో ఎర్రరంగు ఎండిపోయి ఉంది. దుకాణాలకు బోర్డులు రాసే మనిషి. నిచ్చెన మీంచి పడి నడుం పోయాక కూడా బోర్డులు కింద పెట్టించుకుని రాస్తోంది. అందరూ ఆవిడను పెయింటర్ అనే పిలిచేవారు.

"టీచర్‌గారూ, మీరిక్కడ కూర్చోండి" అని బయటి వరండాలో బెంచీ చూపించింది.

"నేను లోపలికి రావాలండీ. దీని మాటలు మీకు అర్థం కావు."

"అర్థమయ్యేదాకా వింటాం. మాకేమన్నా రైలు తప్పిపోతుందా?"

"చాలా సేపు పడుతుందండీ."

"పట్టనివ్వండి. తోడొచ్చినవాళ్ళెవరూ లోపలికి రారు. లోపల మాకున్నది ఒక్కటే రూలు. ఎవరి మాట వాళ్ళే పూర్తి చేసుకోవాలి. పక్కనోళ్ళు అందించకూడదు. అందించారా, ఆ రోజుకి వాళ్ళ వంతు పోయినట్టే."

చెల్లి నా వైపు తల తిప్పింది. దాని పెదాలు చాలాసేపు కష్టపడ్డాయి. అలవాటు కొద్దీ నా నోరు తెరుచుకుంది. పెయింటర్ నా వైపు చెయ్యెత్తి ఆపింది.

"అక్కా... బెంచీ... ఎక్కు" అంది చెల్లి.

లోపల ఎవరో పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. బెంచీ మీద కూర్చుని సంచిలోంచి ఏడో తరగతి పరీక్ష పేపర్లు తీశాను.

రెండేళ్ళు అలాగే కూర్చున్నాను. తలుపు ఓరగా ఉండేది. లోపల ఒక్కోసారి ఐదేసి నిమిషాలు ఎవరూ మాట్లాడేవారు కాదు. ఏమైందోనని పెన్ను ఆపేదాన్ని. అంతలో మా చెల్లి గొంతు ఒక ముక్క, కాస్త ఆగి ఇంకో ముక్క, తర్వాత అందరి నవ్వు. అది ఏమందో నాకు తెలిసేది కాదు. ఇంటికెళ్ళేటప్పుడు అడిగితే, "అది... లోపలి... మాట" అనేది. వాళ్ళు దానికి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. నేను మొదట నొచ్చుకున్నాను. అది మాత్రం ఆ పేరును సంచి మీద దారంతో కుట్టించుకుంది.

వాళ్ళకు ఇంకో పద్ధతి ఉండేది. ఎవరి పని వాళ్ళ దగ్గరే ఉండాలి, అడగకుండా ఒకరి పనికి ఇంకొకరు నకలు తీసుకోకూడదు. ఒకప్పుడు ఎవరో దాతలు వచ్చి వాళ్ళ ఫొటోలు తీసుకుని, కింద జాలి మాటలు రాసి ఊరంతా అంటించారట. అప్పటినుంచి ఆ పట్టింపు. పాటైనా, బొమ్మైనా, రికార్డింగైనా చేసినవాళ్ళ చేత్తోనే బయటికి వెళ్ళాలి. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది.

నిరుడు ఒక ప్రదర్శనశాల వాళ్ళు ఐదు గదులు ఇస్తామన్నారు. అందులో అతి చిన్న గది మా చెల్లి కోరుకుంది. చీకటి గది, ఒకే కుర్చీ. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే కూర్చుని దాని గొంతు వినాలి. తను ఒకసారి నాకు చెప్పకుండా బస్సెక్కి ఒంటరిగా చివరి స్టాపు దాకా వెళ్ళివచ్చిన కథ చెప్తానంది. ఆ రోజు నేను వీధులన్నీ వెతికి, దొరికాక కేకలేసిన సంగతి నాకు గుర్తుంది. ఆ ప్రయాణం ఎలా జరిగిందో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

రికార్డింగ్ మా భోజనాల బల్ల దగ్గర ఒక సెలవు రోజు మధ్యాహ్నం చేసింది. చిన్న రికార్డర్ ముందు పెట్టుకుని, "అక్కా... ఇవాళ... నేను... లేననుకో" అంది. సరేనన్నాను. తర్వాతి శనివారం రికార్డర్ తీసుకెళ్ళి లోపల అందరికీ ఒకసారి వినిపించింది. నేను బయట బెంచీ మీదే ఉన్నాను. ఆ రోజు వాళ్ళు చాలాసేపు నవ్వలేదు.

ప్రదర్శన నెల రోజుల్లో ఉందనగా దానికి ఛాతీలో నెమ్ము చేరింది. మింగడం ఎప్పుడూ కష్టమే. ఈసారి ఊపిరికీ కష్టమైంది. ఆసుపత్రిలో మూడో రోజు, సంచి తెమ్మని సైగ చేసి, రికార్డర్ నా చేతిలో పెట్టించింది.

"రేడియోకి... ఇచ్చెయ్."

రేడియో అంటే వాళ్ళలో చూపులేని ఆయన. శబ్దాల పని అంతా ఆయనదే.

"అలాగే."

"ఉన్నది... ఉన్నట్టు."

"అలాగేనమ్మా. నువ్వు మాట్లాడకు, ఆయాసం వస్తుంది."

ఇంటికి వచ్చి విన్నాను. నలభై రెండు నిమిషాలు. వింటున్నంతసేపూ చీకటి గదిలో ఎవరో తెలియని మనిషి కూర్చుని గడియారం చూసుకుంటున్నట్టు నాకు కనిపించింది. ఇరవై మూడేళ్ళుగా పిల్లలను చూస్తున్నాను. పాఠం అప్పగించే పిల్ల అరనిమిషం ఆగితే చాలు, వెనక బెంచీలో ఇకిలింపు మొదలవుతుంది. పెద్దవాళ్ళు ఇకిలించరు, లేచి వెళ్ళిపోతారు. లేదా కళ్ళు తుడుచుకుంటారు. రెండూ నాకు ఇష్టం లేదు. దాన్ని కాపాడుతున్నాననుకున్నాను. అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే.

బడి వార్షికోత్సవాల పాటలు కత్తిరించి అతికించడం నాకు అలవాటే. ఆదివారం పొద్దున కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఖాళీలు తీసేశాను. తడబాట్లు తీసేశాను. ఒకే అక్షరం నాలుగైదుసార్లు వచ్చిన చోట చివరిది ఉంచి మిగతావి తీసేశాను. ఊపిరి, గుటక, కుర్చీ కిర్రుమన్న చప్పుడు అన్నీ పోయాయి. మధ్యాహ్నానికి తొమ్మిది నిమిషాలు మిగిలాయి. ఎంత శుభ్రంగా ఉందో. మా చెల్లి నా తరగతిలో మొదటి మార్కు పిల్లలా గడగడా మాట్లాడుతోంది. రెండుసార్లు విని, పాతదాని మీదే భద్రపరిచి, రికార్డర్‌ను కవర్లో పెట్టి రేడియోకి పంపించాను.

మర్నాడు ఆసుపత్రిలో అడిగింది.

"ఇచ్చావా?"

"ఇచ్చాను."

"ఉన్నది..."

"ఉన్నట్టే ఇచ్చాను" అన్నాను. అప్పుడు కూడా దాని వాక్యం నేనే పూర్తి చేశాను.

కళ్ళు మూసుకుంది. ముఖం తేటగా ఉంది. ఆరో రోజు తెల్లవారాక పోయింది.

మూడు వారాలకు పెయింటర్ ఫోన్ చేసింది. శనివారం ఒకసారి రమ్మంది. నేను వెళ్ళి అలవాటుగా బెంచీ మీద కూర్చున్నాను. లోపలినుంచి కేక వినిపించింది.

"అక్కడ కాదండీ. లోపలికి రండి."

రెండేళ్ళలో మొదటిసారి ఆ గుమ్మం దాటాను. లోపల ముగ్గురే ఉన్నారు. పెయింటర్, రేడియో, ఇంకా బొమ్మలావిడ. ఆవిడ గుడ్డ బొమ్మలు చేస్తుంది, చెవులు వినపడవు, చెప్పదలచింది పలక మీద రాస్తుంది. బల్ల మీద మా చెల్లి రికార్డర్ ఉంది.

"ఎక్స్‌ప్రెస్ గదిని అలాగే ఉంచుదామని అందరం అనుకున్నాం" అంది పెయింటర్. "ప్రదర్శన వెనక్కి జరిపించాం. తీరా రేడియో పెట్టి చూస్తే తొమ్మిది నిమిషాలే ఉంది."

"తొమ్మిది నిమిషాల పది సెకన్లు" అన్నాడు రేడియో. ఎప్పుడూ నవ్వు ముఖంతో ఉండే మనిషి ఆ రోజు నవ్వలేదు. "మిగతాది మీ కంప్యూటర్లో ఉండుంటుంది కదా మేడమ్? అది ఇచ్చేస్తే మా పని అయిపోతుంది."

"మీ దగ్గర ఇంకోటి లేదా?"

"మా దగ్గర ఎందుకుంటుంది? తనది కదా. తను చెప్పకుండా మేం తీసుకోం."

వాళ్ళ పద్ధతి నాకు తెలుసు. అయినా అడిగాను. రేడియో తమాషాకైనా ఒక నకలు దాచుకుని ఉంటాడని మూడు వారాలుగా ఏదో మూల ఆశ పెట్టుకున్నానని అప్పుడు అర్థమైంది.

"లేదండీ. పాతదాని మీదే చేశాను" అన్నాను.

పెయింటర్ చేతులతో ఏదో సైగ చేసింది. బొమ్మలావిడ నా ముఖం వైపు చూసి, మళ్ళీ పెయింటర్ చేతుల వైపు చూసింది.

"ఎందుకు?" అంది పెయింటర్.

"జనం కూర్చోరని. నలభై రెండు నిమిషాలు ఎవరు వింటారు? దాన్ని చూసి నవ్వుతారని, లేదా జాలిపడతారని. దానికి మంచి జరగాలనే చేశాను."

"మేం కూర్చున్నాం కదండీ. పదకొండు మందిమి. ఒక్కడు లేచాడా?"

"మీ సంగతి వేరు."

"మా సంగతేంటి, మాకు వేరే పనుల్లేవా?"

అప్పుడు రేడియో మాట్లాడాడు. తల కొంచెం వంచి, చెవి నా వైపు పెట్టి, తొందర లేకుండా అన్నాడు.

"మేడమ్, నేను దాన్ని ఒక్కసారే విన్నాను. కానీ శబ్దం నాకు గుర్తుండిపోతుంది. మీరు తీసినవాటిలో ఎక్కువ చిన్నచిన్న ఖాళీలే. ఒప్పుకుంటాను. కానీ మూడు చోట్ల పెద్ద ముక్కలు పోయాయి. అవి ఖాళీలు కావు. ఆ మూడు చోట్లా మాట్లాడింది ఎక్స్‌ప్రెస్ కాదు."

ఆ మూడు చోట్లా మాట్లాడింది నేను.

మొదటిది మామూలుదే. అది టికెట్ తీసుకున్న సంగతి చెప్తుంటే నేను వంటింట్లోంచి వచ్చి, మందు వేసుకున్నావా అని అడిగాను. రెండోది బస్సు కదిలిన చోట. కిటికీ పక్కన కూర్చున్నాక తనకేమనిపించిందో చెప్పబోతోంది. "భ..." అంది. మళ్ళీ "భ..." అంది. నేను బట్టలు మడతపెడుతూ, చూపెత్తకుండానే, "భయమేసిందా?" అన్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మా చెల్లి "అవును" అంది. తను చెప్పబోయింది ఆ మాట కాదు. నాకు వినగానే తెలిసింది. భయమేస్తే అంతసేపు ఆగి ఒప్పుకోదు. ఏం చెప్పబోయిందో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

మూడోది అన్నిటికన్నా పెద్ద ముక్క. నేను పక్క గదిలో ఫోన్లో మా బడి లెక్కల టీచర్‌తో మాట్లాడుతున్నాను. తలుపు తీసే ఉంది. నా గొంతు తరగతి గొంతు, గోడలు దాటి వినిపిస్తుంది. "ఏదో రికార్డింగట లెండి. కాలక్షేపం. అక్కడ అందరూ అలాంటివాళ్ళే కదా, ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకుంటుంటారు. దాని సంతోషం దానిది, నాకేం పోయింది" అన్నాను. అదంతా రికార్డర్లో స్పష్టంగా ఉంది. ఆ తర్వాత దాదాపు రెండు నిమిషాలు కుర్చీ చప్పుడు. ఆ తర్వాత మా చెల్లి, ఏమీ జరగనట్టు, కండక్టరమ్మ తనకు ఎలా చెయ్యూపిందో చెప్పడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం పొద్దున నేను మొట్టమొదట తీసేసిన ముక్క అది. ఖాళీలు, తడబాట్లు తర్వాత తీశాను. అవన్నీ తీస్తే ఇదొక్కటి తీసినట్టు కనపడదు గనుక తీశాను. ఇది ఆ రోజు వాళ్ళ ముందు చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది.

"మాకు తెలుసండీ" అంది పెయింటర్. "మేమందరం విన్నాం. ఈవిడకి నేను సైగలతో చెప్పాను. ఆ ముక్క తీసెయ్యమని నేనే అన్నాను. 'ఎందుకొచ్చిన గొడవ, ఇంట్లో మాట ఇంట్లో ఉండాలి, మీ అక్క రేపు వచ్చి వింటుంది కదా' అన్నాను. ససేమిరా అంది. 'నేను ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నానో అది కూడా వినపడాలి' అంది. ఆ ఒక్క మాట చెప్పడానికి దానికి ఎంతసేపు పట్టిందో మీకు తెలుసు."

"అది విన్నాక కూడా మీరు నాతో మామూలుగానే ఉన్నారు."

"ఆ రోజు మీకు టీ తెచ్చిచ్చింది నేనే" అంది పెయింటర్. "ఒళ్ళు మండిపోతోంది. ఎక్స్‌ప్రెస్సే ఇవ్వమంది. చక్కెర తక్కువ వెయ్యమని కూడా చెప్పింది, మీకు పడదట."

బొమ్మలావిడ పలక మీద రాసి నా ముందుకు తోసింది. 'మీ మీద కోపంతో ఉంచలేదు' అని ఉంది. చదివి తలెత్తేసరికి ఆవిడ పలక వెనక్కి తీసుకుని ఇంకో వాక్యం చేర్చింది. 'కానీ మీరు తీయకుండా ఉండాల్సింది.'

నన్ను ఎవరూ తిట్టలేదు. ఊరడించనూ లేదు. వాళ్ళు వెంటనే గది సంగతిలోకి దిగారు. పెయింటర్ ఆ గదిని మూసేద్దామంది. అతుకులేసిన పని ఎక్స్‌ప్రెస్ పేరు మీద పెట్టకూడదంది. రేడియో ఒప్పుకోలేదు.

"తొమ్మిది నిమిషాలు వినిపిద్దాం. తర్వాత ముప్పై మూడు నిమిషాలు ఏమీ వద్దు. గది గదిలాగే ఉంటుంది. ఉండేవాళ్ళు ఉంటారు, పోయేవాళ్ళు పోతారు."

"మరి జనానికి ఎలా తెలుస్తుంది?"

"బోర్డు రాయి. నీకు అదే కదా పని."

పెయింటర్ నా వైపు తిరిగింది. "రాస్తాను. మాటలు మాత్రం మీరివ్వండి."

ఇంటికెళ్ళి రాశాను. ఒక పేజీ వచ్చింది. మర్నాటికి అరపేజీ చేశాను. శనివారం తీసుకెళ్తే పెయింటర్ చదివి, 'ప్రేమతో' అన్న చోట కొట్టేసింది. 'తెలియక' అన్న చోట కొట్టేసింది.

"కారణాలు వద్దండీ. ఏం జరిగిందో చాలు."

"మరీ కరుకుగా ఉండదూ?"

"ఉంటుంది."

చివరికి రెండే వాక్యాలు మిగిలాయి. 'ఇది నలభై రెండు నిమిషాల పని. ఇందులో ముప్పై మూడు నిమిషాలు కళాకారిణి అక్క తీసేసింది.' తెల్లటి రేకు మీద నల్లటి అక్షరాలు. పెయింటర్ రాస్తున్నంతసేపూ నేను రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డాను. 'అక్క' అనే మాట దగ్గర ఆవిడ ఒక్క క్షణం కుంచె ఆపి నా వైపు చూసింది. రాయమన్నట్టు తలూపాను.

ప్రదర్శన మొదటి రోజు మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే వెళ్ళాను. మా లెక్కల టీచర్ తోడొస్తానంటే వద్దన్నాను. మిగతా గదుల్లో జనం బాగానే ఉన్నారు. బొమ్మలావిడ బొమ్మల ముందు ఎవరో పిల్లలు నేల మీద కూర్చుండిపోయారు. మా చెల్లి గది ఖాళీగా ఉంది. కుర్చీలో కూర్చుని తలుపు చేరవేశాను.

తొమ్మిది నిమిషాలు మా చెల్లి గడగడా మాట్లాడింది. ఎవరో అమ్మాయి మాట్లాడినట్టుంది. ముప్పై నాలుగేళ్ళు దానితో ఉన్నాను, ఆ గొంతు నాకు ఎప్పుడూ తెలియదు. తర్వాత ఆగిపోయింది.

ఆ చీకట్లో, తీసేసినవన్నీ వరసగా గుర్తుతెచ్చుకుందామని కూర్చున్నాను. ఆదివారం పొద్దున నాలుగైదుసార్లు విన్నాను కదా, ఎక్కడెక్కడ ఏముందో దొరుకుతుందనుకున్నాను. మందు వేసుకున్నావా అన్నది గుర్తొచ్చింది. భయమేసిందా అన్నది గుర్తొచ్చింది. ఫోన్లో అన్నది మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఎక్కడ నవ్వానో దానితో సహా గుర్తొచ్చింది. నావి మూడూ పొల్లుపోకుండా ఉన్నాయి. దానివి వెతికాను. కండక్టరమ్మ చెయ్యూపిన చోట చెల్లి ఒకసారి నవ్వబోయి ఆగిందా, లేక అది ఊపిరా? చివరి స్టాపులో దిగాక ఏదో ఒక మాట మూడుసార్లు మొదలుపెట్టింది. ఏ మాట? తెలియలేదు. వింటున్నప్పుడు నేను దాన్ని వినలేదు, ఎక్కడ కోయాలా అని చూశాను.

కొంతసేపటికి తలుపు ఓరగా తెరుచుకుంది. ఒక నడివయసు ఆవిడ తల లోపలికి పెట్టింది.

"అయిపోయిందాండీ?"

"లేదు."

"ఏమీ వినపడట్లేదే."

"తీసేశారు."

"అయ్యో. ఎవరండీ?"

"నేనే."

ఆవిడ "ఉండండి, ఉండండి, తొందరేం లేదు" అని గొణిగి, తలుపు మెల్లగా మూసి బయటే నిలబడింది. నా చేతి గడియారం ముళ్ళు చీకట్లో మసగ్గా మెరుస్తున్నాయి. ఇంకా పదమూడు నిమిషాలున్నాయి.